గుమ్మడికాయ కొట్టని లైను

కిందటి భాగాలు చదవనివాళ్ళకి నాలుగు ముక్కలు చెప్తాను. చదివినవాళ్ళు ఓపిక పట్టండి, ఎంతోసేపు పట్టదు.

మంగళవారం గండిపేట దగ్గర పాట షూటింగ్. హీరో వచ్చాడు. క్రేన్ వచ్చింది. పొగ మిషను వచ్చింది, ఇడ్లీల వ్యాను వచ్చింది. హీరో వెనకాల బిందెలు పట్టుకుని నడవాల్సిన నలభై మంది ఆడవాళ్ళు మాత్రం రాలేదు. బోరబండ నుంచి గానీ, రహమత్ నగర్ నుంచి గానీ ఒక్కరంటే ఒక్కరు రాలేదు. హీరో గొడుగు కింద కాసేపు కూర్చుని, లేచి, కారెక్కి వెళ్ళిపోయాడు.

ఆడవాళ్ళది ఒకటే మాట: షూటింగ్ లేదని మెయిల్ వచ్చింది. వాళ్ళ ఇళ్ళల్లో కంప్యూటర్లు ఎక్కడివి? రహమత్ నగర్‌లో నవీన్ నెట్ సెంటర్‌కి వస్తుంది మెయిల్. అతను ప్రింటు తీసి షట్టర్ మీద అంటిస్తాడు. చదువొచ్చినవాళ్ళు చదివి రానివాళ్ళకి చెప్తారు. రెండు బస్తీలకి అదే పేపరు, అదే రేడియో.

కంపెనీదీ ఒకటే మాట: మేం అలాంటి మెయిల్ పంపలేదు, ఇది బంద్. అంతకు ముందు వారమే వీళ్ళు బట్టలు మార్చుకోడానికి గది కావాలని గొడవ చేశారు, ఇవ్వలేదని కక్ష తీర్చుకున్నారు.

గది అడిగితే గొడవట. లారీ వెనకాల టార్పాలిన్ పట్టుకుని ఒకరికొకరు అడ్డం నిలబడి చీరలు మార్చుకుంటే అప్పుడు మంచివాళ్ళు. ఈ నిఘంటువు ఎవడు రాశాడో నాకు తెలీదు గానీ, వాడు మాత్రం ఎప్పుడూ లారీ వెనకాల బట్టలు మార్చుకుని ఉండడు.

ఇక అసలు చిక్కు. ఆ మెయిల్ పంపినవాళ్ళ పేరు దగ్గర మనోజ అని ఉంది. మనోజ ఆ కంపెనీలోనే ప్రోగ్రామర్. గది అడిగిన ఆడవాళ్ళ ముందు నిలబడ్డ అనసూయమ్మ కూతురు. ఇంకేం కావాలి? తల్లి కోసం కూతురు దొంగ మెయిల్ కొట్టిందని ఊరంతా తేల్చేసింది. నలభై మంది ఆర్టిస్టు కార్డులూ ఏజెంటు కాశీవిశ్వనాథం తన సొరుగులో పెట్టి తాళం వేశాడు. ఈ శుక్రవారం సాయంత్రం వాటిని యూనియన్ ఆఫీసులో ఇచ్చేస్తే రద్దు. కార్డు లేని మనిషిని ఏ సినిమాలోనూ, ఆఖరికి పెళ్ళి సీనులో భోజనాల పంక్తిలో కూడా కూర్చోనివ్వరు.

ఆ శుక్రవారం మధ్యాహ్నమే అనసూయమ్మ జూబ్లీహిల్స్‌లోని ఆఫీసు వాచ్‌మన్‌ని పక్కకి నెట్టి, మెట్లెక్కి, అద్దాల తలుపు తోసింది. అక్కడ ఆపాం.

*

"చెప్పులు బయట విప్పాలమ్మా. మిషన్లకి దుమ్ము పడదు," అన్నాడు శ్రీకృష్ణ. సిస్టమ్స్ మేనేజరు. మెడలో ఐడీ కార్డు, జేబులో రెండు పెన్నులు, ముఖంలో నాలుగు రోజులుగా నిద్ర లేని వాలకం.

"మాకు మాత్రం దుమ్ము పడ్తదా సారూ? గండిపేటల మస్తు దుమ్ము. మేం తింటం," అంది అనసూయమ్మ. చెప్పులు విప్పలేదు.

"అమ్మా, నువ్వెందుకొచ్చినవే?" మనోజ కుర్చీలోంచి లేచింది.

"నిన్ను దొంగ అంటున్నరంట గదా. జర నా ముందల అనమని వచ్చిన."

పెద్ద టేబులు వెనకాల వెంకటేశ్వరరావు గారు. మనిషి కోస్తా, పంచె లేకపోయినా పంచెకట్టు నడక. ఏడు సినిమాలు తీశాడు. హైదరాబాదులో మట్టి ముట్టుకున్నా కంప్యూటరు అయిపోతున్న రోజులొచ్చేసరికి, తన మేడ మీద అంతస్తు ఖాళీ చేయించి, సినిమా షూటింగులకి సాఫ్ట్‌వేర్ చేస్తానని బోర్డు పెట్టాడు. అత్తగారి పేరు మీద సీతామహాలక్ష్మి సినీ సిస్టమ్స్.

మనిషి దుర్మార్గుడేమీ కాదు. దుర్మార్గుడైతే నాకు రాయడం సులువయ్యేది.

"కూర్చోమ్మా," అన్నాడు.

"కూసోను. కార్డులిస్తె తీస్కొని పోత."

"నీ కూతురు ఒప్పుకుంటే ఇప్పుడే ఇప్పిస్తాను. మిగతా వాళ్ళ తప్పు లేదు, నేనే పంపానని ఒక్క మాట చెప్పమను. ఉద్యోగం పోతుంది, అంతే. కేసులేవీ పెట్టను. ఆడపిల్ల."

ఎంత దయ చూడండి. నలభై కార్డులు ఒకవైపు, కన్నకూతురు ఒకవైపు. తూచుకోమని త్రాసు చేతికిచ్చాడు.

అనసూయమ్మ కూతురి వైపు తిరిగింది. "నువ్వు పంపినవా బిడ్డా?"

"లేదమ్మా."

"అయిపోయింది. విన్నరు గదా సారు. లేదంట."

"లేదంటే ఎలాగమ్మా? పేరుందిగా?"

"పేరు నేనే పెట్టాను సార్," అంది మనోజ. "ఈ మెయిళ్ళు ఎవరూ కూర్చుని రాయరు. నేను స్క్రిప్టు రాశాను. అది రేపటి షూటింగ్ ఎక్కడో చూసుకుని, ఏజెంట్లకీ డ్రైవర్లకీ వంటవాళ్ళకీ దానంతటదే పంపుతుంది. అడ్రసు తప్పయితే మెయిల్ వెనక్కి రావాలి కదా, నాకే రావాలని పంపినవాళ్ళ చోట నా పేరు పెట్టాను. అది పంపే ప్రతి మెయిలూ నా పేరు మీదే పోతుంది. నేను ఇంట్లో పడుకున్నా పోతుంది."

"మరి ఆ స్క్రిప్టు పంపిందా?"

"లైవ్ మిషన్ పంపలేదు సార్," శ్రీకృష్ణ అందుకున్నాడు, ఆ మాట కోసమే కాచుకుని ఉన్నట్టు. "నేను చూశాను. మంగళవారం పొద్దున రద్దు మెయిల్ ఒక్కటి కూడా దాంట్లోంచి పోలేదు. మిషన్ పంపకపోతే మనిషే పంపాలిగా?"

"లైవ్ ఒక్కటేనా సార్ మనకున్న మిషను?" అంది మనోజ.

ఇక్కడ ఒక్క నిమిషం. ఆ మేడ మీద మిషన్లు రెండు. నిజం షూటింగులు నడిపేది లైవ్ మిషను, రెండోది ఎందుకో చెప్తాను. ఆర్టిస్టుల డేట్ల ప్రోగ్రాము ఒకరు రాశారు. బండ్లది ఇంకొకరు. భోజనాలది ఇంకొకరు. ల్యాబుది మద్రాసులో కొన్నారు. నాలుగూ నాలుగిళ్ళ నుంచి వచ్చిన కోడళ్ళు. ఒకదాని మాట ఇంకొకదానికి తెలీదు. నిజం షూటింగుకి వదిలే ముందు ఆ నలుగుర్నీ ఒక వంటింట్లో పెట్టి, కొట్టుకుంటారో కలిసి వండుతారో చూడాలి. ఆ వంటింటి పేరు ఇంటిగ్రేషన్ మిషను. అక్కడ అన్నీ నిజంలాగే జరుగుతాయి. షూటింగులు పెడతారు, రద్దు చేస్తారు, హీరోకి జ్వరం తెప్పిస్తారు, వాన కురిపిస్తారు. కాకపోతే ఏదీ గోడ దాటకూడదు. అక్కడి మెయిళ్ళు అక్కడక్కడే తిరిగి చావాలి.

"ఇంటిగ్రేషన్ మిషన్ అంటావా?" శ్రీకృష్ణ నవ్వబోయాడు. "అది టెస్టు మిషన్. దాంట్లోంచి బయటకి మెయిల్ పోయే ప్రశ్నే లేదు."

"మంగళవారం పొద్దున దాని మీద టెస్టులు కొట్టారా సార్?"

"కొట్టాను. మద్రాసు పార్టీ వస్తుందని అన్ని కేసులూ కొట్టాను. షూటింగ్ పెట్టడం, మార్చడం..."

"రద్దు?"

"రద్దు కూడా. అయితే ఏంటి? చెప్పాగా. టెస్టు మిషన్‌లోంచి మెయిల్ బయటకి పోదు."

అప్పుడు ఎవరూ అడక్కుండానే వెంకటేశ్వరరావు గారు నోరు తెరిచాడు. దేవుడు అప్పుడప్పుడు పేదవాళ్ళ పక్షాన పెద్దవాళ్ళ చేత మాట్లాడిస్తాడు.

"పోదేంటయ్యా? ముహూర్తం రోజున గుడివాడ దాకా పోయిందిగా!"

మనోజ తల తిప్పి శ్రీకృష్ణ వైపు చూసింది.

వెంకటేశ్వరరావు గారు ఇంకా గర్వంగానే చెప్పుకుపోతున్నాడు. "మా అత్తగారు మా బావమరిది కంప్యూటర్లో చూసి వెంటనే ఫోన్ చేశారు. అల్లుడుగారూ, మీ మొదటి మెయిల్ అందింది, శుభం అన్నారు. పంతులుగారు కూడా ఇక్కడే ఉన్నారప్పుడు. పసుపు కుంకుమ పెట్టిన మిషను అదేగా? అదిగో, నిమ్మకాయ కూడా ఉంది."

అందరూ అద్దం అవతలికి చూశారు. మిషన్ల గదిలో రెండు నల్ల పెట్టెలు. ఒకదాని మీద ఏమీ లేదు. రెండోదాని నుదుట కుంకుమ బొట్టు, మెడకి ఎండిన నిమ్మకాయ, మిరపకాయలు.

బొట్టున్నది ఇంటిగ్రేషన్ మిషన్‌కి.

*

ఆ బొట్టు కథ ఇదీ.

కంపెనీ ముహూర్తం పెట్టించిన రోజుకి లైవ్ మిషన్ రాలేదు. మద్రాసు హార్బరులో ఆగిపోయింది. వాయిదా వేద్దామని శ్రీకృష్ణ అన్నాడు. వెంకటేశ్వరరావు గారు నవ్వాడు. సినిమా మనిషికి ఇదొక అడ్డమా? హీరో డేట్లు లేకపోతే దేవుడి పటాల మీద ముహూర్తపు షాట్ తీసేస్తారు. క్లాప్ కొట్టారా, కెమెరా తిరిగిందా, సినిమా మొదలైనట్టే. కథ కూడా అక్కర్లేదు. అలాగే లైవ్ మిషన్ లేకపోతే ఉన్న మిషన్ మీదే కొబ్బరికాయ కొట్టమన్నాడు.

అయితే ముహూర్తపు మెయిల్ గోడ దాటాలి, గుడివాడ చేరాలి. లోపలే తిరిగి చస్తే అపశకునం. కాబట్టి శ్రీకృష్ణ ఆ పూటకి, మెయిళ్ళు బయటకి పోకుండా ఆ మిషన్‌కి పెట్టిన గేటు తెరిచాడు. ఉత్తుత్తి పేర్లు పెట్టి మొదలుపెడితే వచ్చే పనంతా ఉత్తుత్తిదే అవుతుందని పంతులుగారు అనేసరికి, ఉత్తుత్తి అడ్రసులు తీసేసి అసలు అడ్రసులు ఎక్కించాడు. ఏజెంట్లు, డ్రైవర్లు, వంటవాళ్ళు, నవీన్ నెట్ సెంటర్‌తో సహా. పంతులుగారు మంత్రం చదివారు, వెంకటేశ్వరరావు గారు మీట నొక్కాడు, గుడివాడలో అత్తగారు మురిసిపోయారు.

ఇదంతా మనోజ ఉద్యోగంలో చేరకముందు సంగతి. ఆమెకి తెలిసింది మాత్రం, తను వచ్చేసరికే ఆ మిషన్‌కి బొట్టు ఉందని. సినిమా ఆఫీసులో బొట్టు లేనిది ఏముంది? కాఫీ మిషన్‌కి కూడా ఉంది.

*

"గేటు మూసేశారుగా సార్ తర్వాత?" అంది మనోజ.

శ్రీకృష్ణ జేబులో పెన్నులు సర్దుకున్నాడు.

"ఏవయ్యా, అడుగుతోంది కదా?" అన్నాడు వెంకటేశ్వరరావు గారు.

"మూస్తానన్నాను సార్. మర్నాడే అడిగాను. మీరే వద్దన్నారు."

"నేనా?"

"మీరే సార్. ముహూర్తం లైను అది, గుమ్మడికాయ కొట్టేదాకా ముట్టుకోవద్దన్నారు. మళ్ళీ అడిగితే దీపం ఆర్పమంటావా అని తిట్టారు. తర్వాత ఇంక అడగలేదు."

సినిమావాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు, మిగతావాళ్ళకి చెప్తున్నాను. కొబ్బరికాయతో మొదలైన సినిమా గుమ్మడికాయతో అయిపోతుంది. ఆఖరి షాటు తర్వాత బూడిద గుమ్మడికాయ కొట్టేదాకా ఆ సినిమా బతికున్నట్టే. మధ్యలో కొడితే సినిమా చచ్చినట్టు. సాఫ్ట్‌వేరుకి ఆఖరి షాటు ఎప్పుడో ఎవరికి తెలుసు? అందుకని గుమ్మడికాయ కొట్టలేదు. గుమ్మడికాయ కొట్టలేదు గనక గేటు మూయలేదు. గేటు మూయలేదు గనక మంగళవారం పొద్దున మద్రాసు పార్టీకి చూపించడానికి కొట్టిన ఉత్తుత్తి రద్దు, గోడ దాటి, జూబ్లీహిల్స్ దిగి, రహమత్ నగర్ షట్టర్ మీద అంటుకుంది. డ్రైవర్లకీ వంటవాళ్ళకీ ఏజెంట్లకీ కూడా పోయింది గానీ, తెల్లారకముందే గండిపేట బయల్దేరినవాళ్ళు మెయిల్ ఎక్కడ చూస్తారు?

"ఇదంతా ఊహే కదా సార్," శ్రీకృష్ణ ఆఖరి ప్రయత్నం చేశాడు. "ఆ గేటు ఇంకా తెరిచే ఉందని, మెయిల్ పోయిందని రుజువేంటి?"

"ఇప్పుడు పంపి చూద్దాం," అంది మనోజ. "అదే మిషన్ నుంచి, అదే స్క్రిప్టుతో. ఒక్క నవీనన్న అడ్రసుకి. నా చెయ్యి తగలద్దు. మీరే కొట్టండి."

శ్రీకృష్ణ వెంకటేశ్వరరావు గారి వైపు చూశాడు.

"కొట్టవయ్యా," అన్నాడాయన.

మనోజ నవీన్ సెల్‌కి ఫోన్ కలిపి స్పీకరు నొక్కింది. అవతల నుంచి మోడెం కీచుగొంతు, ఎవరో పిల్లలు గేమ్ ఆడుతున్న అరుపులు.

"ఏంది చెల్లె? కార్డులు వచ్చినయా?"

"రాలేదన్నా. ఒక మెయిల్ పంపుతున్నరు. వచ్చిందో లేదో చూసి జెప్పు. ఫోన్ పెట్టెయ్యకు."

శ్రీకృష్ణ లోపలికి వెళ్ళి బొట్టున్న మిషన్ ముందు కూర్చున్నాడు. అద్దంలోంచి అతని వీపు కనిపిస్తోంది. వీపు మీద చొక్కా తడిసి ఉంది, ఏసీ గదిలో. "ఇది పరీక్ష" అని రెండు మాటలు కొట్టి, తల తిప్పి సైగ చేశాడు.

"పంపిండ్రన్నా. చూడు."

"ఉండు, ఉండు. లైన్ కట్టయింది. మళ్ళ కలుపుతున్న. ఈ డబ్బా మోడెం... ఒరేయ్, గేమ్ ఆపుండ్రిరా జర!"

కీచుగొంతు మళ్ళీ మొదలైంది. గరగరమంది, ఆగింది, గరగరమంది. ఇలాంటి సమయంలోనే మోడెములకి దగ్గొస్తుంది. అనసూయమ్మ పెదవులు కదులుతున్నాయి. ఏ దేవుడికి మొక్కుతోందో గానీ చేతులు మాత్రం జోడించలేదు. వెంకటేశ్వరరావు గారు పేపరు వెయిటు తిప్పుతున్నాడు. తిప్పి, ఆపి, మళ్ళీ తిప్పుతున్నాడు. ఆ మెయిల్ రాకపోతే మనోజ దొంగ. సాయంత్రానికి నలభై ఇళ్ళల్లో పొయ్యి మీద పెట్టడానికి ఏమీ ఉండదు. అద్దానికి ఇవతలున్న ముగ్గురికీ, అవతలున్న శ్రీకృష్ణకీ అది తెలుసు.

"చెల్లె!"

"చెప్పన్నా."

"వచ్చింది. ఇది పరీక్ష అని ఉన్నది. కింద నీ పేరే ఉన్నది. ఏంది, నువ్వే పంపినవా?"

"నేను పంపలేదన్నా," అంది మనోజ. అంటూంటే నవ్వొచ్చింది, నవ్వులోంచి ఏడుపొచ్చింది. "నేను పంపలేదు. నేను పంపకున్నా నా పేరే ఉన్నది. మళ్ళొకసారి గట్టిగ జెప్పు, సార్ వింటున్నరు."

"నీ పేరే ఉన్నది అంటున్న గదా! చెవుడా ఏంది మీ సారుకు?"

అనసూయమ్మ అప్పుడు కూర్చుంది. అడక్కుండానే, మెత్తటి కుర్చీలో, పూర్తిగా వెనక్కి వాలి. "అమ్మయ్య," అంది. ఆ ఒక్క మాటలో నాలుగు రోజుల బరువు దిగింది.

*

శ్రీకృష్ణ బయటకొచ్చి తలొంచుకుని నిలబడ్డాడు.

"నీకు ఎప్పుడు తెలిసింది?" అన్నాడు వెంకటేశ్వరరావు గారు.

"మంగళవారం మధ్యాహ్నమే అనుమానం వచ్చింది సార్. చెప్తే నా ఉద్యోగం పోతుందని..."

"అందుకని దీని ఉద్యోగం పోగొడ్తవా?" అనసూయమ్మ కుర్చీలోంచే అంది. "నీకు పెండ్లాం పిల్లలున్నరా?"

"ఒక పాపండీ."

"ఆ పిల్లకు చెప్తవా ఈ ముచ్చట?"

నేను శ్రీకృష్ణని ఉరి తీయమనడం లేదు. యజమాని ముందు నోరు పెగలని మనిషి పక్కమనిషి గొంతు మీద కాలు వేస్తాడు. ప్రతి ఆఫీసులోనూ ఉంటాడు. ఎవరైనా పెద్దగొంతుతో ఎదురు మాట్లాడితేనే అలాంటివాడికి కూడా ఊపిరి ఆడుతుంది.

వెంకటేశ్వరరావు గారు పేపరు వెయిటు పక్కన పెట్టి, మనోజ కలిపి ఉంచిన ఫోన్ చూపించి "అది పెట్టెయ్యమ్మా," అని, కాశీవిశ్వనాథానికి ఫోన్ చేశాడు.

"విశ్వనాథం, ఆ కార్డులు ఎక్కడున్నాయి? సొరుగులోనేగా? తియ్. ఇచ్చెయ్... అందరివీ... బంద్ కాదయ్యా, మా మిషన్ తప్పు... సరే, నా తప్పు. నా తప్పే అంటున్నా, ఎన్నిసార్లు అనమంటావ్? రేపు మళ్ళీ గండిపేటలో అదే పాట. వాళ్ళే కావాలి. వేరేవాళ్ళని పిలిచావా? వద్దని చెప్పు."

ఫోన్ పెట్టి అనసూయమ్మ వైపు తిరిగాడు. "సరిపోయిందా అమ్మా?"

"సరిపోలే."

"ఇంకేంటి?"

"మమ్మల్ని పనిదొంగలని మైకుల అన్నరంట గండిపేటల. మైకులనే చెప్పాలె, కాదని. రేపు హీరో ముందల, లైటు బాయ్‌ల ముందల."

ఆయన గొంతు సవరించుకున్నాడు. "చెప్తాను."

"గది?"

"గది అక్కడ ఎలా కడతానమ్మా, చెరువు గట్టు మీద?"

"కట్టుమన్ననా? హీరోకు ఏసీ బండి ఉండె గదా. అసొంటిది వద్దు. తలుపున్న వ్యాన్ ఒకటి. లోపలికెల్లి గొళ్ళెం పడాలె. గంతే."

వెంకటేశ్వరరావు గారికి నవ్వొచ్చింది, ఏడు సినిమాల్లో ఎవరూ ఆయన దగ్గర ఇంత చిన్న కోరిక ఇంత గట్టిగా కోరలేదేమో. "గొళ్ళెం ఉన్న వ్యాను. రేపు ఉంటుంది."

"సార్, ముందు ఆ లైన్ పీకేయాలి," అంది మనోజ. "అడ్రసులు తర్వాత తీద్దాం. ముందు తీగ పీకితే ఇంకేదీ పోదు."

"పీకేద్దాం. కానీ..." ఆయన తటపటాయించాడు. "గుమ్మడికాయ కొట్టందే ఎలాగమ్మా?"

నవ్వకండి. ఆయన నిజంగానే భయపడుతున్నాడు. లక్షల రూపాయల మిషన్లు కొనగలిగిన మనిషి గుమ్మడికాయకి భయపడుతున్నాడు. నేనైతే తిట్టేదాన్ని. అనసూయమ్మ తిట్టలేదు.

"అయితే కొట్టుండ్రి. కింద వాకిలి గేటుకు ఒకటి కట్టి ఉంది గదా."

"అది దిష్టిదమ్మా, పనికిరాదు. కొత్తది కావాలి."

డ్రైవరు కృష్ణానగర్ వెళ్ళి బూడిద గుమ్మడికాయ తెచ్చాడు. ఆఫీసు మెట్ల కింద కర్పూరం వెలిగించారు. రిసెప్షనిస్టు గీతిక కుంకుమ తెచ్చి కాయకి అద్దింది. వాచ్‌మన్, ఇందాక నెట్టించుకున్నవాడు, చేతులు కట్టుకుని అనసూయమ్మ పక్కనే నిలబడ్డాడు. "ఏం బలమమ్మా నీది," అన్నాడు మెల్లిగా. "బిందెల పాటలు చెయ్యి, వస్తది," అంది ఆమె.

వెంకటేశ్వరరావు గారు కాయ పైకెత్తాడు. ఎత్తి, ఆగి, దించాడు.

"నువ్వు కొట్టమ్మా," అన్నాడు.

"నేనా?"

"అన్యాయం నీకు జరిగింది. నువ్వు కొడితేనే పోతుంది."

అనసూయమ్మ కాయ తీసుకుంది. బరువు చూసింది. ఎన్ని సినిమాలు చేసింది ఆమె! ఎన్ని ఆఖరి షాట్లు, ఎన్ని గుమ్మడికాయలు! ప్రతిసారీ హీరో కొట్టాడు, లేకపోతే ప్రొడ్యూసరు కొట్టాడు. వెనక వరసలో నిలబడి చప్పట్లు కొట్టమంటే కొట్టింది.

"గిన్నేండ్లల్ల ఒక్కసారి నా చేతికియ్యలేదు సారు," అంది. కోపంగా అనలేదు. ఉన్నమాట చెప్పింది.

తర్వాత రెండు చేతులా ఎత్తి కొట్టింది చూడండి. మూడో మెట్టు మీద పడి పేలింది. గింజలు వెంకటేశ్వరరావు గారి తెల్ల ప్యాంటు మీద పడ్డాయి. గీతిక కిసుక్కుమంది. వాచ్‌మన్ నవ్వాడు. చివరికి శ్రీకృష్ణ కూడా, ఏడుపు ముఖంతోనే, నవ్వాడు.

పైన మనోజ మిషన్ల గదిలోకి వెళ్ళి, బొట్టున్న పెట్టె వెనక నుంచి నీలం తీగ పీకేసింది. టిక్కుమంది, అంతే. వెనక ఆకుపచ్చ దీపం ఆరిపోయింది. అక్కడే, చల్లటి నేల మీద కూలబడి, తీగ ఒళ్ళో పెట్టుకుని, ఆమె చాలాసేపు ఊరికే కూర్చుంది. నాలుగు రోజుల తర్వాత కడుపులో ఆకలి తెలిసింది.

తల్లి పైకొచ్చింది. ఈసారి చెప్పులు తలుపు బయట విప్పి వచ్చింది.

"లే బిడ్డా. కార్డులు తీస్కోను పోదం. దార్ల ఏమన్న తిందం."

మనోజ లేవబోతుంటే సెల్ మోగింది. నవీన్.

"కార్డులు ఇస్తున్నరన్నా! అందరివీ!" అంది ఎత్తుతూనే.

"నిజమా? మస్తు ఖుష్ చేసినవ్ చెల్లె. గానీ ఏంది మరి ఇది? మళ్ళ పరీక్షనా?"

"ఏది?"

"ఇంకో మెయిల్ వచ్చింది. రేపు గండిపేటల షూటింగ్ లేదంట. కింద నీ పేరే."

మనోజ ఒళ్ళోని తీగ వైపు చూసింది. "అది ముందుదేమో అన్నా, ఇప్పుడు దిగింది గావచ్చు. పంపిన టైం చూడు."

"చూసిన. ఐదు నిమిషాలు గూడ కాలే పంపి."

తీగ పీకి పావుగంట దాటింది. బొట్టున్న మిషన్ చచ్చి పడుంది. లైవ్ మిషన్ తెర ఎదురుగానే ఉంది, దాంట్లో ఇందాకే ఎక్కించిన రేపటి షూటింగ్ నిక్షేపంగా ఉంది. తన స్క్రిప్టు ఈ రెండు మిషన్లలో తప్ప ఇంకెక్కడా లేదని నిన్నటిదాకా ఆమె అనుకుంటోంది. ఎక్కడో మూడోది ఉంది. దాని ముందు ఎవరో కూర్చుని ఉన్నారు. ఈసారి టెస్టు కాదు.

"చెల్లె? ఉన్నవా? ఏం జెయ్యమంటవ్ దీన్ని? షట్టర్ మీద అంటియ్యాల్నా వద్దా?"

అనసూయమ్మ కూతురి చేతిలోంచి సెల్ లాక్కుంది.

"అంటియ్యి నవీనూ. దాని కింద పెన్నుతోని పెద్దగ రాయి, రేపు పొద్దుగాల అందరం పోతున్నం అని. ఎవడు పంపిండో, వాడు గూడ వచ్చి సదువుకోనీ."